కోరాపుట్ చలికి ఒకటి, బరంపురం గాలికి ఒకటి: క్రోషేతో మొదట ఏమి అల్లాలి?

దీపావళి దాటిందంటే మా రాయగడలో నాకు ఒక ప్రశ్న తప్పదు. "క్రోషే కొక్కెం సూది పట్టడం వచ్చింది. బల్ల గుడ్డలు, తలుపు తోరణాలు అల్లి అల్లి విసుగొచ్చింది. ఇక ఒంటికి వేసుకునేది అల్లాలి. స్వెట్టర్‌తో మొదలుపెట్టనా, శాలువాతోనా?" సునాబెడ క్వార్టర్లలో ఉండే మా వదిన ఇదే అడిగింది. పర్లాకిమిడిలో మా పుట్టింటి వీధి అమ్మాయి ఇదే అడిగింది. బరంపురంలో కాలేజీ చదువుతున్న మేనకోడలూ ఇదే అడిగింది. ముగ్గురికీ మూడు జవాబులు చెప్పాను, ఎందుకంటే ముగ్గురి చలీ ఒకటి కాదు.

కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి కొండ, 1,672 మీటర్లది, ఆ జిల్లాలోనే ఉంది. అక్కడ డిసెంబరు ఉదయం మంచులో చేతులు జేబుల్లోంచి బయటికి రావు. బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రానికి సుమారు 15 కిలోమీటర్లే. అక్కడ ఉన్ని స్వెట్టర్ వేసుకుంటే చెమటతో తడిసి ముద్దవుతారు. మా రాయగడ రెంటికీ మధ్య. తెల్లవారుజామున వణుకు, పది గంటలకు ఎండ. రైలెక్కితే ఒక్క రోజులో ఈ మూడు ఊళ్లూ చుట్టిరావచ్చు గాని, ఒకే స్వెట్టర్‌తో చుట్టిరాలేము.

నేను ఇది తెలియక చేసిన ఘనకార్యం ఒకటుంది. మా ఆయనకు మొదటిసారి స్వెట్టర్ అల్లినప్పుడు ముచ్చటపడి లావుపాటి నూలు దారం కొన్నాను. రెండున్నర నెలలు అల్లాను. ఉతికి తాడు మీద ఆరేస్తే సాయంత్రానికి తొడల దాకా దిగింది. మా అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బొత్తాలు కుట్టు అమ్మాయ్, నాకు నైటీగా పనికొస్తుంది" అన్నారు. తడిసిన నూలు బరువుకు కిందికి సాగుతుందని ఆ రోజు తెలిసింది.

## ముందు మీరు చెప్పుకోవలసిన నాలుగు జవాబులు

ఫోనులో చూసిన బొమ్మ బాగుందని సూది పట్టేముందు వీటికి జవాబు చెప్పుకోండి.

చలి మీకు ఏ వేళ? రోజంతానా, తెల్లవారుజామున నీళ్లు పట్టేటప్పుడా, రాత్రి రైల్లోనా? రోజంతా అయితే చేతులున్నది కావాలి. గంటసేపే అయితే చటుక్కున వేసుకుని తీసేసేది చాలు.

ఉతికేది ఎవరు? మీరే జాగ్రత్తగా ఉతుక్కుంటారా, పనిమనిషి బండ మీద బాదుతుందా, వాషింగ్ మెషిన్‌లో అన్నిటితో కలిపి పడుతుందా? ఏ దారం కొనాలన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

ఒంటికి ఎంత అతకాలి? శాలువాకు కొలత అక్కరలేదు. స్వెట్టర్‌కు ఛాతీ, చంక, మెడ, చేయి అన్నీ కుదరాలి. ఒకటి తప్పినా వేసుకునేవారు మొహమాటానికి ఒకసారి వేసుకుని బీరువాలో పెడతారు.

దారం మొత్తం ఒకేసారి దొరుకుతుందా? దారం ఉండ చీటీ మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు, ఉంటుంది. రంగు నంబరు ఒకటే అయినా లాట్ మారితే ఛాయ మారుతుంది. దుకాణం వెలుతురులో కనిపించదు, ఎండలోకి వచ్చాక వీపు మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. మన చిన్న ఊళ్ల దుకాణాల్లో ఒకే లాట్‌వి ఐదారు ఉండలు దొరకడమే గగనం. "మళ్లీ తెప్పిస్తాను లెండి అమ్మా" అనే మాట నమ్మి సగం కొనకండి.

డబ్బు మిగులుతుందని మాత్రం అల్లకండి. గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెటన్ల స్థిరనివాసం ఉన్న సంగతి మనవైపు వారికి తెలిసిందే. చలికాలంలో టిబెటన్లు పెట్టే స్వెట్టర్ల దుకాణంలో మీ దారం ఖర్చుకే మంచి స్వెట్టర్ వచ్చేస్తుంది. అది క్రోషే కాదు, రెండు పుల్లలతో అల్లే రకం, అదీ యంత్రం మీద అల్లినది. క్రోషే దానికన్నా మందంగా వస్తుంది, దారమూ పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఎక్కువ తింటుంది. అసలైన క్రోషేను అల్లే యంత్రం లేదు కాబట్టి, మీరు అల్లినది చేత్తో చేసిందే అవుతుంది. ఆ సరదా ఉంటేనే ముందుకు రండి.

## ఏది ఎంత పని

ఈ లెక్కలు మధ్యరకం దారానికి, అంటే చీటీ మీద డీకే అనో 8 ప్లై అనో రాసి ఉన్నదానికి. రోజుకు గంట కూర్చునే నా చేతి వేగానికి ఇవి సరిపోతాయి. మీది అటూ ఇటూ అవుతుంది.

| వస్తువు | దారం | పట్టే కాలం | కొలతల బెడద | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|---|
| టోపీ | 60–80 గ్రాములు | వారం లోపు | తల చుట్టుకొలత ఒక్కటే | ఎక్కడైనా |
| శాలువా | 250–350 గ్రాములు | 4 వారాలు | లేదు | ఎక్కడైనా, కూర్చునేవారికి |
| చేతుల్లేని స్వెట్టర్ | 250–300 గ్రాములు | 4 వారాలు | ఛాతీ, పొడవు | రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి |
| పూర్తి స్వెట్టర్ | 400–500 గ్రాములు | 2 నెలల పైన | అన్నీ | కోరాపుట్, సునాబెడ, సిమిలిగుడ |
| పసిపిల్లల స్వెట్టర్ | 100–150 గ్రాములు | 10–12 రోజులు | పిల్ల పెరిగే వేగం | ఎక్కడైనా |
| వదులైన నూలు పైతొడుగు | 300–400 గ్రాములు | 5 వారాలు | తక్కువ | బరంపురం, ఛత్రపురం |

టోపీ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. గుండ్రంగా అల్లడం, కుట్లు పెంచడం చేతికి వస్తాయి. ఒకటి అల్లి ఎవరికైనా ఇచ్చేయండి.

శాలువాను అందరూ సులువైనదిగా చెబుతారు. అల్లడం నిజంగా సులువే. ఎక్కడ ఆపినా శాలువాయే. కానీ వేసుకునేవారిని చూసి నిర్ణయించండి. పూజ దగ్గర కూర్చునే పెద్దావిడకు దానికి మించినది లేదు. పొయ్యి దగ్గర నిలబడేవారికి, బండి వెనక కూర్చునేవారికి మాత్రం వద్దు. కొంగు జారి మంటలోకో చక్రంలోకో పోతుంది. పైగా పని చేసేటప్పుడు భుజం మీద నిలవదు. మా అత్తయ్య తన శాలువాకు ముందు పిన్నీసు పెట్టుకుని తిరిగేవారు. అది చూశాకే చేతుల్లేని స్వెట్టర్ అల్లిచ్చాను.

నియమగిరి కొండల డోంగ్రియా కొంధు గిరిజనుల కప్‌డాగండా శాలువా చూసి, అలాంటిది క్రోషేలో అల్లవచ్చా అని అడిగేవారూ ఉన్నారు. అది ముతక గుడ్డ మీద సూదితో కుట్టే పని, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెలుపు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసిన ఆ అందం మీ అంచుకు తెచ్చుకుంటే తప్పు లేదు. దాన్ని ఆ పేరుతో పిలవడం మాత్రం నాకు నచ్చదు.

చేతుల్లేని స్వెట్టర్ నా పక్షపాతం, దాచుకోను. ముందు పలక ఒకటి, వెనక పలక ఒకటి, భుజాల దగ్గర కలిపి, పక్కలు కుట్టడమే. మెడ దగ్గర మాత్రమే కాస్త లెక్క. చొక్కా మీదా జాకెట్టు మీదా ఒదుగుతుంది. తెల్లవారుజామున ఒంటికి వెచ్చన, పనికి చేతులు ఖాళీ, పది గంటలకు తీసి కుర్చీ మీద వేస్తే సరి. రాయగడ చలి అంతే కోరుతుంది.

పూర్తి స్వెట్టర్ దగ్గర చాలామంది చతికిలబడేది చేతుల దగ్గరే. ఒక చేయి ముగిశాక సరిగ్గా అలాంటిదే రెండోది అల్లాలంటే మనసు మొరాయిస్తుంది. అల్లినా నాలుగు వరసలు ఎక్కువో తక్కువో అవుతుంది. అందుకే రెండు చేతులూ రెండు ఉండలతో జోడుగా, ఇటు పది వరసలు అటు పది వరసలుగా అల్లుకుంటూ పొమ్మంటాను. వరసలు కాగితం మీద గీతలు పెట్టుకోండి, గుర్తుంటాయని ధీమా వద్దు.

పసిపిల్లల స్వెట్టర్ చిన్నదే గాని బాధ్యత పెద్దది. కన్నాల అల్లిక వద్దు, చిట్టి వేళ్లు ఇరుక్కుంటాయి. మెడ దగ్గర రిబ్బన్లు, ఊడొచ్చే బొత్తాలు అసలే వద్దు. ఇప్పటి కొలతకు కాక, చలికాలం నాటికి ఎంత అవుతారో దానికి అల్లండి. శ్రావణంలో ఇప్పటి కొలతకు అల్లినది సంక్రాంతికి మోచేతుల దాకే వస్తుంది.

## స్వెట్టర్‌నే పట్టుకున్నవారికి: మూడు దారులు

పలకలుగా అల్లి కుట్టడం పాత పద్ధతి. ముందు, వెనక, రెండు చేతులు, నాలుగూ దీర్ఘచతురస్రాలే. భుజం కాస్త కిందికి జారినట్టు ఉంటుంది, అది ఇప్పుడు ఫ్యాషనే. ఒక పలక పాడైతే దాన్నే విప్పుకోవచ్చు. ఒళ్లో బరువు ఉండదు కాబట్టి గుణుపురం రైల్లో కూర్చుని కూడా అల్లుకోవచ్చు. చివర కుట్టడం మాత్రం విసుగు.

మెడ నుంచి కిందికి అల్లడం రెండోది. కుట్టు పని దాదాపు ఉండదు, మధ్యలో తొడిగి చూసుకోవచ్చు. పొడవు చాలకపోతే మరో నాలుగు వరసలు. వేసుకునే మనిషి ఇంట్లోనే ఉంటే ఇది మేలు, దూరంగా ఉన్న కొడుక్కి పంపాలంటే ఆ లాభం పోతుంది. చివరికి వచ్చేసరికి స్వెట్టర్ అంతా ఒళ్లో ఉంటుంది; బరంపురం మార్చిలో అది శిక్షే.

మూడోది రెండు పెద్ద షడ్భుజాలు అల్లి, మడిచి, వీపు దగ్గర కలిపేది. చూడ్డానికి ఇంద్రజాలం. కొత్తవారికి భలే ఉత్సాహం. కానీ చంక కింద గుడ్డ పోగుపడుతుంది, సన్నగా ఉన్నవారికే నప్పుతుంది. నేను ఒకటి అల్లి ఊరుకున్నాను.

ఏ దారిలో వెళ్లినా సూది గురించి ఒక మాట. చీటీ మీద 4 మిల్లీమీటర్ల సూది అని ఉంటే బట్టలకు 5 పట్టండి. బిగించి అల్లితే క్రోషే అట్టముక్కలా నిలబడుతుంది, ఒంటి మీద వాలదు. బల్ల గుడ్డలు అల్లి అలవాటైనవారికి బిగింపు పోవడానికి కొంత కాలం పడుతుంది.

ఇంకొకటి, వీడియోలు చూసి నేర్చుకునేవారికి. అమెరికావారు సింగిల్ క్రోషే అన్నదాన్నే బ్రిటిష్‌వారు డబుల్ క్రోషే అంటారు. వారి డబుల్ వీరికి ట్రెబుల్. సూచనలు ఏ పద్ధతివో చూడకుండా మొదలుపెడితే ప్రతి వరసా ఎత్తు మారి, చొక్కా కావలసింది చొక్కా కాదు.

## చిన్న చదరం, పెద్ద లెక్క

అల్లే ముందు నమూనా చదరం అల్లమంటే అందరికీ బద్ధకం. నాకూ. కానీ రెండు లెక్కలు దాని మీదే నిలబడతాయి.

మొదటిది కొలత. 10 సెంటీమీటర్లకు 14 కుట్లు వస్తాయనుకుని 100 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 140 కుట్లు వేశారనుకోండి. మీ చేయి బిగువుగా ఉండి 16 వస్తుంటే అదే 140 కుట్లు 87.5 సెంటీమీటర్లే అవుతాయి. పన్నెండున్నర సెంటీమీటర్లు మాయం. ఇక ఆ స్వెట్టర్ మీ ఆయనకు కాదు, మీ తమ్ముడి కొడుక్కి.

రెండోది దారం. 20 సెంటీమీటర్ల చదరం అల్లి వంటింటి త్రాసులో తూచండి; ఇంట్లో లేకపోతే కంసాలి దుకాణంలో అడిగితే కాదనరు. 16 గ్రాములు వచ్చిందనుకుందాం. అంటే 400 చదరపు సెంటీమీటర్లకు 16 గ్రాములు. చేతుల్లేని స్వెట్టర్‌కు 52 వెడల్పు, 58 పొడవున్న పలకలు రెండు, మొత్తం 6,032 చదరపు సెంటీమీటర్లు. దానికి సుమారు 241 గ్రాములు, అంచులకూ కుట్టుకూ పదో వంతు కలిపితే 265. చేతులు కూడా కావాలంటే సగటున 36 వెడల్పు, 44 పొడవుతో రెంటికీ మరో 127 గ్రాములు. ఇలా తేల్చుకుని వెళితే దుకాణదారు "మూడు ఉండలు చాలమ్మా" అన్నా మీరు తడబడరు.

కొలత తీసుకునేటప్పుడు ఛాతీ చుట్టుకొలతకు 8 నుంచి 10 సెంటీమీటర్లు వదులు కలపండి. లోపల చొక్కా ఉంటుంది, క్రోషే స్వతహాగా మందం.

## ఏ దారం

దుకాణంలో ఊలు అని అడిగితే చేతికి వచ్చేది చాలావరకు యాక్రిలిక్. లూధియానా వైపు నుంచి వచ్చే వర్ధమాన్, ఓస్వాల్ వంటి పేర్ల ఉండలు అన్ని ఊళ్లలో కనిపిస్తాయి. చీటీ వెనక ఎన్ని శాతం ఏమిటో రాసి ఉంటుంది, పేరు కన్నా అది చదవండి.

| | యాక్రిలిక్ | అసలు ఉన్ని | నూలు | నూలు, యాక్రిలిక్ కలిసినది |
|---|---|---|---|---|
| వెచ్చదనం | బాగుంటుంది | అన్నిటికన్నా ఎక్కువ, కాస్త తడిసినా | తక్కువ | మధ్యస్థం |
| చెమట | పీల్చదు | పీలుస్తుంది | బాగా పీలుస్తుంది | ఫరవాలేదు |
| ఉతుకు | మెషిన్‌లో వేయవచ్చు | చేత్తోనే, చల్లటి నీటిలో | సులువు, ఆరడం ఆలస్యం | సులువు |
| సాగడం | తక్కువ | తక్కువ | బరువుకు కిందికి | కొద్దిగా |
| ఖర్చు | తక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం |

పట్టికలో ఇమడని సంగతి నిప్పు. భోగి మంట దగ్గర, కొండ ఊళ్లలో చలిమంట దగ్గర యాక్రిలిక్‌తో కూర్చోకండి, పిల్లలను అసలే కూర్చోబెట్టకండి. నిప్పురవ్వ పడితే అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు, మంట తీసేస్తే దానంతట అదే ఆరే గుణం దానిది. ఇస్త్రీ పెట్టె కూడా యాక్రిలిక్‌కు నిప్పుతో సమానం. ఒకసారి వేడి తగిలితే చచ్చుబడి వేలాడుతుంది, మళ్లీ కోలుకోదు.

ఉన్నికి సబ్బు పొడి వద్దు, కుంకుడు రసం చాలు. పట్టు చీరలకు మనం వాడేదే. చల్లటి నీటిలో ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో చాప మీద పరచండి. వేడి నీళ్లు పోసి రుద్దితే పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని కుంచించుకుపోతుంది, పెద్దవారి స్వెట్టర్ పసివారిది అవుతుంది. వేసవిలో దాచేటప్పుడు పురుగు చూసుకోవాలి. ఎండిన వేపాకు వేస్తారు, కలరా ఉండలూ వేస్తారు, కానీ అన్నిటికన్నా ముఖ్యం శుభ్రంగా ఉతికి దాచడం. దురద పెడుతుందో లేదో కొనేముందే మెడ పక్కన కాసేపు పెట్టుకుని చూడండి, అరచేతికి తెలియదు.

నూలుకు నా అనుభవం చెప్పాను కదా. నూలుతో అల్లినది తాడు మీద వేలాడదీయకండి, హ్యాంగర్‌కూ తగిలించకండి. సన్న దారం, కన్నాల అల్లిక ఎంచుకుంటే బరువు తగ్గుతుంది. ఇంకా సన్నగా వెళ్లాలనుకుంటే నరసాపురం లేసు దారి ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ అల్లిక కూడా క్రోషేయే, సన్నటి నూలు దారంతో. బరంపురం పట్టు చీర మీదికి జాకెట్టు చేతుల అంచుగా, మెడ పట్టీగా అది వేసుకోవచ్చు. గోపాల్‌పూర్ గాలికి స్వెట్టర్ కన్నా అదే మర్యాద.

## మీరు ఎవరైతే ఏది

సునాబెడ వదినకు ఉన్ని పూర్తి స్వెట్టర్ చెప్పాను, పలకలుగా. ఆమె చేత్తోనే ఉతుకుతుంది, చలి నెలల తరబడి ఉంటుంది. అంత ఖర్చు పెట్టలేనంటే యాక్రిలిక్‌తో మొదటిది అల్లి చేయి కుదిరాక ఉన్ని కొనమన్నాను. బరంపురం మేనకోడలికి నూలు, యాక్రిలిక్ కలిసిన దారంతో వదులైన పైతొడుగు. హాస్టల్‌లో ఉతుకు గురించి ఆలోచించే పిల్ల కాదు. షడ్భుజాల స్వెట్టర్ కావాలని పేచీ పెట్టింది, నేను ఆపలేదు, సగంలో అదే ఆపేసింది.

ఉద్యోగం చేస్తూ రాత్రి అరగంట మాత్రమే దొరికేవారు శాలువా జోలికి వెళ్లకండి. నూట యాభై వరసల తరవాత కూడా అది అలాగే కనిపిస్తుంది, ఉసూరుమనిపిస్తుంది. పలకలుగా అల్లేది ఏదైనా ఎంచుకోండి, ఒక పలక ముగిసినప్పుడల్లా ఒక పండగ. మణికట్టు నొప్పి ఉన్నవారు లావు పిడి సూది, 5 మిల్లీమీటర్లకు తగ్గని సైజు, లేతరంగు దారం తీసుకోండి. నల్ల దారం రాత్రి దీపం కింద కుట్టు కనిపించనివ్వదు, అది చేతికే కాదు కంటికీ శత్రువు.

పర్లాకిమిడి అమ్మాయికి చేతుల్లేని స్వెట్టరే, యాక్రిలిక్‌తో. అయితే 300 గ్రాములు కాదు, 450 గ్రాములు ఒకే లాట్‌లో కొనిపించాను. చంక అంచులు సన్నగా ఒక్క వరసతో ముగించమన్నాను. వచ్చే ఏడు చేయి కుదిరి, చలి చాలకపోతే ఆ అంచులోంచే కుట్లు ఎత్తుకుని చేతులు అల్లుకోవచ్చు. అప్పటికి బుద్ధి పుట్టకపోతే మిగిలిన దారంలో టోపీలు రెండు వస్తాయి.